మూడో చేయి

పెద్ద ఆసుపత్రులలోని పిల్లల వార్డులో ఈ దృశ్యం కొత్తది కాదు. ఐదారేళ్ళ పాప మంచం మీద కూర్చొని బొమ్మల పుస్తకం తిరగేస్తూ ఉంటుంది. పైన వేలాడదీసిన సంచిలోని రక్తం సన్నని గొట్టం గుండా చుక్క చుక్కగా ఆమె చేతిలోకి దిగుతూ ఉంటుంది. సూది గుచ్చేటప్పుడు ఏడవడం ఆ పాప ఎప్పుడో మానేసింది. మూడు నాలుగు వారాలకు ఒకసారి జరిగే పని అది. ఆ జబ్బు పేరు బీటా థలసీమియా. ఎర్ర రక్తకణాలలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ చాలినంతగా తయారు కాకపోవడమే ఆ జబ్బు. ఎక్కించే రక్తంతోపాటు ఇనుము కూడా వచ్చి గుండెలోను, కాలేయంలోను పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపడానికి మళ్ళీ వేరే మందు వాడాలి.

భారతదేశంలో ఈ జబ్బుకు దారితీసే జన్యుదోషాలలో అన్నిటికంటె ఎక్కువగా కనబడేది ఒకే ఒక్క అక్షరం తప్పు. ఒక ‘జి’ ఉండవలసిన చోట ‘సి’ ఉంటుంది. ఇంతవరకు వింత ఏమీ లేదు. వింత ఏమిటంటే, ఆ అక్షరం హీమోగ్లోబిన్ తయారీకి పనికివచ్చే భాగంలోనిది కాదు. తయారీకి ముందే కణం కత్తిరించి పారవేసే ముక్కలోనిది. పారవేసే ముక్కలో తప్పుంటే ప్రాణం మీదికి ఎందుకు రావాలి?

దీనికి జవాబు తెలియాలంటే కణంలో రాత ఎలా ఉంటుందో, దాన్ని ఎలా చదువుతారో కొంచెం తెలుసుకోవాలి.

శరీరంలోని ప్రతి మాంసకృత్తునూ ఎలా తయారుచేయాలో తెలిపే రాత డి.ఎన్.ఏ.లో ఉంటుంది. ఆ రాతకు అక్షరాలు నాలుగే: ఎ, జి, సి, టి. మాంసకృత్తు అవసరమైనప్పుడు కణం మూలప్రతిని కదపదు. కావలసిన భాగానికి ఒక నకలు తీసుకుంటుంది. ఆ నకలే ఆర్.ఎన్.ఏ. ఇందులో ‘టి’కి బదులు ‘యు’ ఉంటుంది. నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ, ప్రతి మూడక్షరాలకూ ఒక అమైనో ఆమ్లాన్ని చేర్చుకుంటూ పోతే మాంసకృత్తు తయారవుతుంది.

మూడక్షరాల మాటలతోనే ఒక వాక్యం రాసి చూడండి: ‘పడవ నడుపు మనిషి’. ఇందులో రెండో అక్షరమైన ‘డ’ జారిపోయిందనుకోండి. తక్కిన అక్షరాలను అదే వరుసలో మూడేసి చొప్పున విడదీస్తే ‘పవన డుపుమ నిషి’ అవుతుంది. మొదటి మాట అర్థమున్నట్టే కనిపించి మోసం చేస్తుంది. ఆ తరువాత అంతా గందరగోళమే. కణం చదివే పద్ధతిలో మాటకూ మాటకూ నడుమ ఖాళీ ఉండదు. అందుచేత ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా చివరిదాకా చెడుతుంది.

ఇక రెండో సంగతి. హరికథ చెప్పే దాసుగారు అసలు కథను మధ్యలో ఆపి పిట్టకథ అందుకుంటారు. పిట్టకథ ముగిశాక సరిగ్గా ఆపిన చోటనే అసలు కథను మళ్ళీ ఎత్తుకుంటారు. జన్యువులలోని రాత కూడా ఇలాగే ఉంటుందని 1977 వరకు ఎవరూ ఊహించలేదు. ఆ ఏడాది అమెరికాలో రిచర్డ్ రాబర్ట్స్ బృందం ఒకచోట, ఫిలిప్ షార్ప్ బృందం మరొకచోట ఒక వైరస్ ఆర్.ఎన్.ఏ.ను దాని మూలప్రతి అయిన డి.ఎన్.ఏ.తో జతచేసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశాయి. రెండూ మొదటినుంచి చివరిదాకా అతుక్కుపోవాలి కదా! అలా కాలేదు. డి.ఎన్.ఏ. అక్కడక్కడ జతలేక ఉచ్చులుగా పైకి లేచి ఉంది. అంటే నకలులో మధ్యమధ్య భాగాలు తొలగిపోయాయన్నమాట. తొలగిపోయే భాగాలకు ఇంట్రాన్లని, మిగిలే భాగాలకు ఎక్సాన్లని 1978లో వాల్టర్ గిల్బర్ట్ పేర్లు పెట్టారు. రాబర్ట్స్‌కు, షార్ప్‌కు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది.

హీమోగ్లోబిన్‌లో ఒక పాలు బీటా గ్లోబిన్ అనే మాంసకృత్తు. దీనిలో 146 అమైనో ఆమ్లాలున్నాయి. అంటే 438 అక్షరాలు సరిపోతాయి. కాని దాని జన్యువులో రెండు ఇంట్రాన్లున్నాయి. మొదటిదానిలో 130, రెండవదానిలో 850 అక్షరాలు. అసలు కథ కంటె పిట్టకథలే పొడుగు! నకలు తీసేటప్పుడు ఇవన్నీ వస్తాయి. ఆ తరువాత కణం ఇంట్రాన్లను కత్తిరించి ఎక్సాన్లను ఒకదానికొకటి అతుకుతుంది. ఈ పనికి స్ప్లైసింగ్ అని పేరు. ‘రాముడు + అతడు’ అన్నప్పుడు నడుమ ఉత్వం లోపించి ‘రాముడతడు’ అవుతుందని సంధులలో చదువుకున్నాం. ఇదీ అలాంటి కార్యమే. అయితే వ్యాకరణంలో పోయేది ఒక్క అచ్చు, ఇక్కడ పోయేవి వందల అక్షరాలు. అయినా కత్తెర సరిగ్గా రెండక్షరాల సందున పడాలి.

మరి ఆ కత్తెర ఏది? 1977లో ఈ ప్రశ్న అడిగితే ఏ శాస్త్రజ్ఞుడైనా తడుముకోకుండా ‘ఎంజైము’ అనేవాడు. ఎంజైము అంటే ఏమిటి అని అడిగితే ‘మాంసకృత్తు’ అనేవాడు. తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగిరపరచే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. జీవకణాలలోని ఉత్ప్రేరకాలే ఎంజైములు.

ఎంజైములు మాంసకృత్తులని చెప్పడం కూడా ఒకప్పుడు తేలిక కాలేదు. పదిహేడేళ్ళ వయసులో వేటలో జరిగిన ప్రమాదం వల్ల ఎడమచేతిని పోగొట్టుకున్న జేమ్స్ సమ్నర్ అంతకుముందు ఎడమచేతివాటం మనిషి. కుడిచేతితో అన్నీ కొత్తగా నేర్చుకొని రసాయన శాస్త్రవేత్త అయ్యారు. 1917లో మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు ఒక రకం చిక్కుడు గింజల పిండితో కుస్తీపట్టి, యూరియాను విడగొట్టే ఎంజైమును 1926లో స్ఫటికాలుగా వేరుచేశారు. ఆ స్ఫటికాలు మాంసకృత్తు. ఆనాటి మహామహులు నమ్మలేదు. గుర్తింపుగా నోబెల్ బహుమతి రావడానికి మరి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ తరువాత పరీక్షించిన ఎంజైములు కూడా మాంసకృత్తులుగానే తేలుతూ వచ్చాయి. సమ్నర్ చూపినది ‘ఈ ఎంజైము మాంసకృత్తు’ అని. లోకం క్రమంగా దాన్ని ‘మాంసకృత్తు కానిది ఎంజైము కాలేదు’ అని చదువుకుంది. ఈ రెండు వాక్యాలకూ ఎంత తేడా ఉందో యాభై ఏళ్ళకు పైగా చాలామందికి తట్టలేదు.

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో థామస్ చెక్ అనే యువ ఆచార్యుడు టెట్రాహైమీనా అనే ఏకకణ జీవిని పెంచుతుండేవారు. చెరువు నీటిలో ఉండే ఈ జీవి ఒంటినిండా సన్నని నూగు ఉంటుంది. దాని ఒక ఆర్.ఎన్.ఏ.లో 413 అక్షరాల ఇంట్రాన్ ఉంది. దాన్ని కత్తిరించే ఎంజైమును పట్టుకోవాలని చెక్ సంకల్పం. ఆయనతో పనిచేసే ఆర్థర్ జాగ్ రెండు గొట్టాలు సిద్ధం చేశారు. ఒకదానిలో ఆర్.ఎన్.ఏ.తోపాటు కణకేంద్రకాల సారం కలిపారు. ఎంజైము ఉంటే ఆ సారంలోనే ఉండాలి. రెండవదానిలో సారం కలపలేదు. పోల్చి చూసుకోవడానికి పెట్టినది కాబట్టి అందులో ఏమీ జరగకూడదు. కాని ఆ రెండవ గొట్టంలో కూడా ఇంట్రాన్ ఊడి పక్కకు వచ్చేసింది!

ఎవరికైనా ముందు తోచేది గొట్టాలు తారుమారయ్యాయనే. చెక్ కూడా అలాగే అనుకున్నారు. మళ్ళీ చేసినా అదే ఫలితం. ఆర్.ఎన్.ఏ.ను అంటిపెట్టుకొని ఏదో మొండి మాంసకృత్తు ఉండిపోయిందేమో అనుకొని మరగకాచారు. మాంసకృత్తులను తినివేసే ఎంజైములు వేశారు. సబ్బు వంటి ద్రావకాలతో కడిగారు. ఎన్ని చేసినా ఇంట్రాన్ ఊడడం మానలేదు. చివరకు టెట్రాహైమీనా కణాన్ని పూర్తిగా పక్కనపెట్టి, ఆ జన్యుభాగాన్ని బాక్టీరియాలో పెంచి, దాని నుంచి గాజుగొట్టంలోనే ఆర్.ఎన్.ఏ. తయారుచేశారు. ఆ ఆర్.ఎన్.ఏ. పుట్టినప్పటినుంచి టెట్రాహైమీనా ముఖం చూసి ఎరుగదు. అది కూడా తన ఇంట్రాన్‌ను తానే కత్తిరించుకొని, తెగిన కొసలను తానే అతుక్కుంది. 1982లో ఈ సంగతి ప్రకటించారు. ‘రైబోజైమ్’ అనే పేరు అప్పుడు పుట్టింది. రైబోన్యూక్లియిక్ ఆమ్లం అన్న మాటలో తల, ఎంజైమ్ అన్న మాటలో తోక తీసుకొని అతికిన పేరు అది. వస్తువుకు తగిన పేరే!

తనను తాను ఒకసారి కత్తిరించుకునేది నిజమైన ఉత్ప్రేరకం అవుతుందా అని కొందరు సందేహించారు. న్యాయమైన సందేహమే. 1983లో యేల్ విశ్వవిద్యాలయంలోని సిడ్నీ ఆల్ట్‌మన్, ఆయనతో కలిసి పనిచేసినవారు బాక్టీరియాలోని మరొక ఆర్.ఎన్.ఏ. తాను మారకుండా వేరే ఆర్.ఎన్.ఏ.లను వరుసగా కోయగలదని చూపారు. 1989లో చెక్‌కు, ఆల్ట్‌మన్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

కత్తి లేదు, సూది లేదు, దారం లేదు. మరి కోత, కుట్టు ఎలా జరుగుతాయి? బడి ఆవరణలో పిల్లలు చేయీ చేయీ పట్టుకొని వరుసగా నిలబడ్డారనుకుందాం. ఒక్కొక్క పిల్లవాడు ఒక్కొక్క అక్షరం. ప్రతివాడి కుడిచేయి పక్కవాడి ఎడమచేతిని పట్టుకొని ఉంటుంది. నడుమనున్న కొందరు ఇంట్రాన్, అటూ ఇటూ ఉన్నవారు ఎక్సాన్లు. ఇప్పుడు వరుసలో లేని ఒక పిల్లవాడు వచ్చాడు. వాడు ‘జి’ అనే అక్షరం. వాడి కుడిచేయి ఖాళీగా ఉంది. వాడు ఆ చేతితో ఇంట్రాన్‌లో మొదటివాడి ఎడమచేతిని పట్టుకున్నాడు. అంతవరకు ఆ చేతిని పట్టుకొని ఉన్న మొదటి ఎక్సాన్ చివరివాడి పట్టు వీడింది. వాడి కుడిచేయి ఇప్పుడు ఖాళీ. వాడు చేయి చాచి రెండవ ఎక్సాన్‌లో మొదటివాడి ఎడమచేతిని పట్టుకున్నాడు. దానితో ఇంట్రాన్ చివరివాడి పట్టు వీడింది. ఎక్సాన్లు కలిసిపోయాయి, కొత్తగా వచ్చిన ‘జి’తో సహా ఇంట్రాన్ బయటపడింది.

ఇక్కడ పట్లు లెక్కపెట్టి చూడండి. రెండు వీడాయి, రెండు కొత్తవి ఏర్పడ్డాయి. మొత్తం మారలేదు. ఒక బంధాన్ని తెంచి దానికి బదులు మరొకటి వేసుకోవడమే కాబట్టి బయటినుంచి శక్తి ఖర్చుపెట్టనక్కరలేదు. కావలసినదల్లా ‘జి’ సరైన చోట కూర్చోవడం, పట్టవలసిన చేయి దానికి అందుబాటులో ఉండడం. ఇంట్రాన్ తనలో తాను మడతలు పడి ‘జి’ కూర్చోవడానికి ఒక గూడు కట్టి, పక్కన మెగ్నీషియం అయాన్లను నిలిపి ఆ ఏర్పాటు చేస్తుంది.

మన కణాలలో బయటినుంచి ‘జి’ రాదు. ఆర్.ఎన్.ఏ. అక్షరాలకు ఒక విశేషం ఉంది. ప్రతి అక్షరంలోను ఉండే చక్కెరకు, వరుసలో పక్కవారిని పట్టుకునే చేతులు రెండు కాక, ఖాళీగా ఉండే మూడో చేయి ఒకటుంది. అది ఒక ఆక్సిజన్ పరమాణువు, దానిని అంటుకున్న ఒక హైడ్రోజన్ పరమాణువు, అంతే. ఇంట్రాన్ చివరి భాగంలో ఉండే ఒక ‘ఎ’ తన మూడో చేతిని చాచి, ఇంట్రాన్ మొదటివాడి ఎడమచేతిని పట్టుకుంటుంది. అప్పుడు ఇంట్రాన్ పశువుల మెడకు వేసే పలుపుతాటి ఉచ్చులాగా వంగుతుంది. ముడి దగ్గర ఉన్న ‘ఎ’కు మూడు చేతులూ చిక్కుకొని ఉంటాయి. తరువాతి అడుగు మామూలే: ఎక్సాన్లు కలుస్తాయి, ఉచ్చు జారిపోతుంది. గొలుసులుగా తప్ప మరొక రూపంలో ఉండదనుకున్న ఆర్.ఎన్.ఏ.లో ఇలాంటి ముళ్ళు ఉన్నాయని 1984లో తేలింది.

ఈ పనికి మన కణాలలో స్ప్లైసియోజోమ్ అనే పెద్ద యంత్రం ఉంది. అందులో మాంసకృత్తులు వందకు పైబడే ఉన్నా, నడిబొడ్డున ఉన్నవి యు1, యు2, యు4, యు5, యు6 అనే చిన్న ఆర్.ఎన్.ఏ.లు. కోత జరిగే చోట లోహపు అయాన్లను పట్టి ఉంచేది యు6 ఆర్.ఎన్.ఏ. అని 2013లో షికాగో విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు చూపారు. చుట్టూ ఎందరున్నా పని చేసే చేయి ఆర్.ఎన్.ఏ.దే.

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరుకుతుంది. ఇంట్రాన్ ఎక్కడ మొదలవుతుందో ముందుగా గుర్తుపట్టేది యు1. తన అక్షరాలను ఇంట్రాన్ మొదటి అక్షరాలతో జతపరచి చూసుకుంటుంది. అయిదవ స్థానంలో ‘జి’ ఉంటే యు1లోని ‘సి’ దానితో జతకడుతుంది. ఆ పాప బీటా గ్లోబిన్ జన్యువులో మొదటి ఇంట్రాన్ అయిదవ అక్షరం ‘సి’. ‘సి’తో ‘సి’ జతకట్టదు. పట్టు సడలి, కత్తెర చాలాసార్లు దగ్గరలోని తప్పుడు చోట్ల పడుతుంది. ‘పడవ నడుపు మనిషి’ గతే ఆ నకళ్ళకూ పడుతుంది. సరిగా తెగిన కొద్ది నకళ్ళతో తయారయ్యే హీమోగ్లోబిన్ చాలదు. ఈ దోషం తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా వస్తేనే జబ్బు. ఒక వైపు నుంచే వచ్చినవారు ఆరోగ్యంగానే తిరుగుతారు. అటువంటి ఇద్దరు దంపతులైతే ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. రక్తపరీక్షతో దీన్ని ముందే తెలుసుకోవచ్చు.

ఆర్.ఎన్.ఏ. సంగతి ఇలా ఉంటే డి.ఎన్.ఏ. మాటేమిటి? దాని పూర్తి పేరు డీఆక్సీ రైబోన్యూక్లియిక్ ఆమ్లం. ‘డీఆక్సీ’ అంటే ఆక్సిజన్ తీసివేసినది అని. తీసివేసినది సరిగ్గా ఆ మూడో చేయే. ఆ చేయి లేకపోవడం దానికి మేలే చేసింది. ఆర్.ఎన్.ఏ. మూడో చేయి ఊరుకోదు. అదను దొరికితే తన పక్క ముడిని తానే లాగి తెంచుకుంటుంది. అందుకే ఆర్.ఎన్.ఏ. తొందరగా చెడుతుంది. డి.ఎన్.ఏ. చెడదు. గ్రీన్‌లాండ్‌లో గడ్డకట్టిన మట్టిలో సుమారు 20 లక్షల ఏళ్ళనాటి డి.ఎన్.ఏ. ముక్కలను చదివినట్లు 2022లో ప్రకటించారు. కాలానికి నిలవవలసిన మూలప్రతిని జీవులు దీనితో రాసుకున్నాయంటే సబబుగానే ఉంది. పైగా అది రెండు పేటల తాడు. బిగిసి నిటారుగా ఉంటుంది, మడతలు పడదు. మడత పడనిది, మూడో చేయి లేనిది ఏం పని చేయగలదు? మాంసకృత్తు విషయంలో ఒకసారి బోల్తా పడ్డ లోకం మళ్ళీ అదే ధోరణిలో మాట్లాడసాగింది.

కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో జెరాల్డ్ జాయిస్, ఆయన దగ్గర పనిచేస్తున్న రోనాల్డ్ బ్రేకర్ ఇలా ఆలోచించారు: రెండు పేటలు విప్పి ఒక్క పేటనే ఉంచితే డి.ఎన్.ఏ. కూడా మడతలు పడుతుంది కదా! ఏ మడత పని చేస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఎంపికను పోటీకి వదిలేశారు. 50 అక్షరాల భాగంలో అక్షరాలు ఎలా పడితే అలా ఉండేటట్లు కోటానుకోట్ల డి.ఎన్.ఏ. పోగులను తయారుచేశారు. ప్రతి పోగులోను ఒకే ఒక్క ఆర్.ఎన్.ఏ. అక్షరాన్ని ఇరికించి, పోగు కొసను ఒక గొట్టంలోని పూసలకు కట్టారు. సీసపు లవణం కలిపిన నీరు పోశారు. ఆ ఒక్క అక్షరం దగ్గర తనను తాను కోసుకోగలిగిన పోగు మాత్రమే విడివడి నీటితోపాటు కిందికి వస్తుంది. అలా వచ్చినవాటిని పోగుచేసి, నకళ్ళు తీసి పెంచి, మళ్ళీ కట్టి, మళ్ళీ నీరు పోశారు. కోయలేనివి ప్రతిసారీ వెనుకనే ఉండిపోయాయి. ధాన్యాన్ని చేటలో వేసి మళ్ళీ మళ్ళీ చెరిగినట్లు! అయిదు విడతలకు గట్టి గింజలు మిగిలాయి. వాటి వల్ల ఆ కోత మామూలుగా కంటె సుమారు లక్ష రెట్లు వేగంగా జరిగింది. ఇది 1994 నాటి మాట. మొదటి డి.ఎన్.ఏ. ఉత్ప్రేరకం అదే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కోసిన చేయి డి.ఎన్.ఏ.ది కాదు. ఇరికించిన ఆ ఒక్క ఆర్.ఎన్.ఏ. అక్షరానిదే. డి.ఎన్.ఏ. చేసిన పని దాన్ని సరైన తీరున వంచి పట్టుకోవడం, సీసపు అయాను పక్కనుండేటట్లు చూడడం. చెక్ ఇంట్రాన్ ‘జి’కి గూడు కట్టడం గుర్తుంది కదా! పని చేయించేది మడత. మూడో చేయి ఎవరిదైనా కావచ్చు.

1997లో జాయిస్, స్టీఫెన్ సాంటోరో మరో పోటీ పెట్టి, మామూలు ఆర్.ఎన్.ఏ.ను కోయగల డి.ఎన్.ఏ.ను పట్టుకున్నారు. పదవ విడతలో ఎంచిన ఇరవై మూడవది కావడంతో దాని పేరు 10-23 అయింది. పని చేసే భాగం 15 అక్షరాలే. అటూ ఇటూ ఉండే రెండు రెక్కలను మార్చుకుంటే మనం కోరిన ఆర్.ఎన్.ఏ.ను అది వెతికి పట్టుకుంటుంది. ఆ రకం డి.ఎన్.ఏ.ను ఆవిరిగా పీల్పించి ఉబ్బసం ఉన్నవారిపై పరీక్షించిన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మొదటి ఉత్ప్రేరకానికి సీసం కావలసివచ్చిందనే సంగతిని తిరగవేసి, ఇల్లినాయి విశ్వవిద్యాలయంలోని యీ లూ బృందం 2000లో నీటిలోని సీసాన్ని పట్టిచ్చే సాధనాన్ని డి.ఎన్.ఏ.తో చేసింది.

అదే విశ్వవిద్యాలయంలో స్కాట్ సిల్వర్‌మన్‌కు మరో ఆలోచన వచ్చింది. కోయడం సరే, స్ప్లైసింగ్‌లో మాదిరిగా ముడి వేయగలదా? చేటలో చెరగడం మళ్ళీ మొదలైంది. ఈసారి మిగలవలసినవి రెండు ఆర్.ఎన్.ఏ. ముక్కలను కలిపేవి. ఒక ‘ఎ’ మూడో చేతిని మరొక ఆర్.ఎన్.ఏ. ముక్క మొదటి కొసతో కలిపి, పలుపుతాటి ముడినే వేసే డి.ఎన్.ఏ.లు దొరికాయి. 2004లో ప్రకటించిన ఒకటి స్ప్లైసింగ్ మొదటి అడుగును దాదాపు అనుకరిస్తుంది. దాదాపు అనడానికి కారణం ఉంది. కణంలో ‘ఎ’ పట్టుకునే చేయి అప్పటికే మరొకరి పట్టులో ఉంటుంది. ప్రయోగశాలలో ఆ కొసకు మూడు ఫాస్ఫేట్లు తగిలించి, పట్టుకోవడానికి వీలుగా ముందే సిద్ధం చేసి ఇచ్చారు.

పని చేస్తుందని తెలిసినా ఆ మడత ఎలా ఉంటుందో చాలాకాలం ఎవరూ చూడలేకపోయారు. జర్మనీలోని గోటింగెన్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ఆర్.ఎన్.ఏ.ను అతికే ఒక డి.ఎన్.ఏ. ఉత్ప్రేరకాన్ని స్ఫటికంగా చేసి, 2016లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. బ్రేకర్, జాయిస్‌ల ప్రయోగం జరిగి అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఆర్.ఎన్.ఏ. వలెనే అది కూడా చిక్కని మడతలు పడి ఉంది. మూడో చేయి లేనందువల్ల దానిలోని చక్కెరలు అటూ ఇటూ మరింత తేలికగా వంగగలిగాయి. లోపమనుకున్నదే అక్కడ వీలైంది.

ఇన్ని డి.ఎన్.ఏ. ఉత్ప్రేరకాలు తయారైనా అన్నీ ప్రయోగశాలలో పుట్టినవే. ఏ జీవకణంలోను ఇంతవరకు ఒక్కటి కూడా కనబడలేదు.

అభ్యాసం

1. కత్తిరించి పారవేసే ముక్కలోని తప్పు జబ్బుకు ఎలా దారితీస్తుందో మీ మాటల్లో రాయండి.

2. ఆర్థర్ జాగ్ సిద్ధం చేసిన రెండవ గొట్టం ఎందుకు పెట్టారు? అందులో జరిగినది చూసి చెక్ మొదట ఏమనుకున్నారు? ఆ అనుమానం తీరడానికి ఏమేం చేశారు?

3. ‘ఈ ఎంజైము మాంసకృత్తు’, ‘మాంసకృత్తు కానిది ఎంజైము కాలేదు’. ఈ రెండు వాక్యాలకు గల తేడాను మీకు తెలిసిన మరొక ఉదాహరణతో వివరించండి.

4. తరగతిలోని పిల్లలు చేతులు పట్టుకొని వరుసగా నిలబడి, టెట్రాహైమీనా పద్ధతిని, మన కణాల పద్ధతిని చేసి చూపండి. రెండవదానిలో మూడో చేతికి బదులు ఒక తువ్వాలు వాడండి.

5. ‘పడవ నడుపు మనిషి’ వలె మూడక్షరాల మాటలతో మరో రెండు వాక్యాలు రాసి, ఒక్కొక్క అక్షరం తీసివేసి చదవండి.